పరిష్కరించకుండానే ‘పరిష్కారమైంది’ అని మూసివేసిన నా ఫిర్యాదు గురించి

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

అయ్యా,

మీ సంస్థ గ్రాఫిక్స్ కార్డును సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బిల్లుతో కొని, కంప్యూటర్‌ను ఇంట్లో నేనే బిగించుకున్నాను. ఆట తెరిచిన వెంటనే, ముఖ్యంగా ఫ్రేములు, అంటే కార్డు గీసి తెరకు పంపే బొమ్మలు, సెకనుకు వందల్లోకి పరుగెత్తే మెనూ తెర మీద, చెవిలో దూరే సన్నని కీచుశబ్దం మొదలవుతుంది. ఫ్రేములను సెకనుకు 60కి కట్టడి చేస్తే శబ్దం తగ్గుతుంది. కేసు ఫ్యాన్లను కాసేపు ఆపి చూశాను, మిత్రుని పవర్ సప్లై తెచ్చి పెట్టి చూశాను, కార్డు తీసేసి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే నడిపి చూశాను. కార్డు మళ్లీ పెట్టి, మందపాటి కాగితాన్ని గొట్టంగా చుట్టి చెవికి ఆనించి వింటే, శబ్దం కార్డు మీది కాయిళ్ల (తీగచుట్టల) వైపు నుంచే వస్తోంది. కార్డులో కరెంటు హెచ్చుతగ్గులకు కాయిళ్లు కంపించడం వల్ల వచ్చే ఈ శబ్దాన్ని కాయిల్ వైన్ అంటారని మీకు నేను చెప్పనవసరం లేదనుకున్నాను. ఇంతవరకు నాకు కోపం రాలేదని కూడా మనవి చేస్తున్నాను.

కోపం మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసిన తరువాత మొదలైంది. మొదట మాట్లాడిన ప్రతినిధి స్పీకర్ల వాల్యూమ్ తగ్గించమన్నారు. నేను స్పీకర్లు పెట్టనే లేదని చెబితే, అయితే స్పీకర్ల డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. మరొకరు విండోస్ మొత్తం కొత్తగా వేయమన్నారు. కాయిల్ కంపనానికీ విండోస్‌కూ ఏమిటి సంబంధమని అడిగితే, తన ముందున్న తెర మీద అలాగే రాసి ఉందన్నారు. ఆ నిజాయితీకి మాత్రం ధన్యవాదాలు. ఇంకొకరు, ఇది అసెంబుల్ చేసిన కంప్యూటర్ కనుక అసెంబుల్ చేసినవారినే సంప్రదించాలని సలహా ఇచ్చారు. అసెంబుల్ చేసింది నేనేనని చెప్పగానే అవతల కాసేపు నిశ్శబ్దం, ఆ తరువాత హోల్డ్ సంగీతం, ఆ తరువాత లైన్ కట్.

దుకాణంవారు సర్వీస్ సెంటర్‌కు వెళ్లమన్నారు, సర్వీస్ సెంటర్‌వారు కంపెనీ ఆమోదం తెమ్మన్నారు, కంపెనీవారు మళ్లీ దుకాణాన్నే అడగమన్నారు. ఎట్టకేలకు కార్డు తీసుకున్న మీ ఇంజినీరు, ఏసీ హోరు నడుమ నలుగురు మాట్లాడుకుంటున్న హాల్లో, ఒక్క ఆటా తెరవకుండా, కార్డుపై ఎలాంటి లోడూ పెట్టకుండా, ఖాళీ డెస్క్‌టాప్ తెర చూసి ‘శబ్దం లేదు’ అని రాసిచ్చారు. వీడియో పంపమంటే పంపాను. ఫైలు పెద్దదన్నారు, తగ్గించి పంపితే శబ్దం స్పష్టంగా లేదన్నారు. చివరికి నా ఫిర్యాదు పరిష్కారమైందనీ, మీ సేవకు దయచేసి ఐదు నక్షత్రాలు ఇవ్వమనీ సందేశం వచ్చింది. చెవిటివాని ముందు శంఖం ఊదినవాడికైనా ఇంత అవమానం జరిగి ఉండదు, అక్కడ రేటింగ్ అడిగేవారు ఉండరు కదా.

నేను మీకు కొత్తవాణ్ని కాను. మా బావగారి ఆఫీసు కంప్యూటర్లలో, మా అపార్ట్‌మెంటు పిల్లలు నా మాట విని కొనుక్కున్న వాటిలో ఉన్నవి మీ కార్డులే. ‘సర్వీసు బాగుంటుంది’ అని వారందరికీ హామీ ఇచ్చింది నేను. మీరు నాకు జీతం కూడా ఇవ్వలేదు.

ఈ శబ్దం వల్ల కార్డు చెడిపోదనీ, ఇది వారంటీ కిందికి రాదనీ మీరు అనవచ్చు. అదైనా ఒక సమాధానమే, నేను దానితో వాదించగలను. కానీ ఆ మాటైనా ఇంతవరకు ఒక్కరూ కాగితం మీద పెట్టలేదు. కార్డుపై లోడు పెట్టి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో విని, తన పేరుతో సంతకం చేసి జవాబివ్వగల ఒక్క ఇంజినీరు మీ సంస్థలో ఉంటే ఆయనను నాతో మాట్లాడించండి. ఆ తరువాత కార్డు మారుస్తారో, డబ్బు తిరిగిస్తారో మీరే తేల్చండి.

లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడంతో ఆగను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. కాబట్టి నాకు ఖర్చు భయం పెట్టవద్దు. మీ ఇంజినీరు రాసిచ్చిన కాగితాన్నీ, ఐదు నక్షత్రాలు అడిగిన సందేశాన్నీ, మీ ప్రతినిధులతో సాగిన ఈమెయిళ్లన్నిటినీ ఆ కేసుకు జతచేస్తాను.

ఇట్లు,
మీరు జవాబివ్వని వినియోగదారుడు,
సికింద్రాబాద్.