అజ్రాయెల్ సింఫనీకి సంగీతం పేజీలో చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం గురించి తెలుగు పత్రికల్లో అరుదుగా వచ్చే వ్యాసాలు కూడా బీథోవెన్, మోజార్ట్‌ల దగ్గరే ఆగిపోతున్నాయి. చెక్ స్వరకర్త యోసెఫ్ సుక్ రచించిన ‘అజ్రాయెల్’ సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం, పలు భాగాలుగా రాసే రచన) ప్రస్తావన ఇంతవరకు నా కంటపడలేదు. ఆ లోటు మీరు తీర్చగలరన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

సుక్ ప్రఖ్యాత స్వరకర్త ద్వోర్జాక్‌కు శిష్యుడు, అల్లుడు కూడా. 1904 మేలో మామగారు కన్నుమూశాక, ఆయన స్మృతికి నివాళిగా, చివరకు ఆయన జీవితాన్ని కీర్తిస్తూ ముగిసే సింఫనీ ఒకటి రాయాలని సంకల్పించాడు. మూడు భాగాలు పూర్తయి నాలుగోది సాగుతుండగా, 1905 జులైలో భార్య ఒతిలీ 27 ఏళ్లకే మరణించింది. అప్పటిదాకా రాసుకున్న నాలుగో భాగాన్ని పక్కనపెట్టి, ఆమెను తలచుకుంటూ ఆ స్థానంలో నెమ్మదిగా నడిచే ‘అడాజియో’ రాశాడు. 1906లో రచన ముగించి తండ్రీకూతుళ్లిద్దరికీ అంకితమిచ్చి, ప్రాణాలు తీసుకుపోయే దేవదూత పేరు దానికి పెట్టాడు. 1907 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో తొలి ప్రదర్శన జరిగింది.

అయిదు భాగాల్లో, సుమారు గంటసేపు సాగే ఈ రచనలో నన్ను మళ్లీ మళ్లీ వెనక్కి పిలిచేది రెండో భాగం. అందులో ఒకే స్వరం తంబురా శ్రుతిలా ఎడతెగక మోగుతూనే ఉంటుంది. అయితే మన శ్రుతి పాడేవారికి ఆసరా ఇస్తే, ఇది గుండెల మీంచి దిగని బరువులా వినిపిస్తుంది. దాని చుట్టూ ద్వోర్జాక్ ‘రెక్వియమ్’ (మృతుల ఆత్మశాంతి కోసం పాడే ప్రార్థనా సంగీతం) నుంచి తీసుకున్న నాలుగు స్వరాల పలుకు తిరుగుతుంది. షడ్జమం, శుద్ధ రిషభం, కింది కాకలి నిషాదం, మళ్లీ షడ్జమం అనుకుంటే మన చెవికి వెంటనే పట్టుబడుతుంది. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు నేర్చుకున్న వారికి ఇవి చిన్ననాటి స్వరాలే కదా! ఇంత దగ్గరి దారి ఉండగా, ఈ సంగీతం మనకు అందనిదని అనుకోవడం సరికాదు. చివరి భాగం టింపనీ అనే పెద్ద డోళ్ల మోతలతో భీకరంగా మొదలైనా, ముగింపు మాత్రం ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతత అంతవరకు ఓపిగ్గా విన్నవారికే పూర్తిగా అందుతుందని నా నమ్మకం.

కాబట్టి స్వరకర్తల జీవిత విశేషాలతో సరిపెట్టకుండా, ఏ భాగంలో ఏ వాద్యాన్ని, ఏ స్వరాలను గమనించాలో తెలిపే శ్రవణ పరిచయాలను మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ‘అజ్రాయెల్’కు, సంగీత నిర్వాహకుడు (కండక్టర్) వాత్స్లావ్ తలిఖ్ వాద్యబృందం చెక్ ఫిల్హార్మోనిక్‌తో 1952లో చేసిన రికార్డింగ్‌ను ఆధారంగా తీసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకులలో ఒకరు,
విజయవాడ