కెమెరా పెట్టించాం సరే, దాన్ని చూసుకునేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటికి నిఘా కెమెరాలు అవసరమా అని మా కడపలో తెలిసినవారు అడిగితే, ఈ మధ్య నేను ఎదురు ప్రశ్న వేస్తున్నాను: వాటిని వారానికొకసారైనా చూసుకునే మనిషి మీ ఇంట్లో ఉన్నారా? లేనట్లయితే ఆ డబ్బుతో తలుపుకు గట్టి గడియ, పెరట్లో రాత్రంతా వెలిగే దీపం పెట్టించుకోవడం మేలు. కెమెరాలంటే గిట్టక చెబుతున్న మాట కాదిది, నాలుగు కెమెరాలుండి కూడా దొంగ ముఖం చూడలేకపోయినవాడి మాట.

కువైట్‌లో పనిచేసే మా అబ్బాయి సెలవుకు వచ్చినప్పుడు, తల్లిదండ్రులు ఒంటరిగా ఉంటున్నారన్న దిగులుతో వాకిలికి రెండు, పెరటికి ఒకటి, హాల్లో ఒకటి కెమెరాలు పెట్టించి, తన ఫోనుకు కలుపుకొని వెళ్ళాడు. కొన్ని నెలలు బాగానే నడిచాయి. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం పండువెన్నెల్లో రాత్రిపూట జరుగుతుంది కనుక, ఆ రోజు మేమిద్దరం ఇంటికి తాళం వేసి వెళ్ళాం. తెల్లవారి వచ్చేసరికి పెరటి తలుపు విరిగి ఉంది, పూజగదిలోని వెండి సామాను లేదు. పెరటి కెమెరా రికార్డు తీసి చూస్తే తెర నిండా తెల్లటి పొగలాంటి తెర మరొకటి. రాత్రి చీకట్లో చూడటానికి ఆ కెమెరాలు వెదజల్లే పరారుణ కాంతికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, ఆ గూటిపై పడిన కాంతి తిరిగి అద్దంలోకే కొట్టడం వల్ల దృశ్యమంతా తెల్లబడిపోతుంది. గాలికి గూడు ఊగినప్పుడల్లా ‘కదలిక ఉంది’ అంటూ మా అబ్బాయి ఫోను మోగేదట, నిద్ర పాడవుతోందని అతను ఆ హెచ్చరికలను ఎప్పుడో ఆపేశాడు. వాకిలి కెమెరాలో మాత్రం ఇద్దరు మనుషుల వీపులు కనిపించాయి గానీ, తేదీ చూస్తే 2000 జనవరి 1. కరెంటు పోయి వచ్చినప్పుడు రికార్డరు గడియారం మొదటికి వెళ్ళిందని, లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందని తరువాత తెలిసింది. అద్దం తుడిచే గుడ్డ, బ్యాటరీ కలిపి వంద రూపాయల పని. అది చేయనందుకు వేల రూపాయల సరంజామా వృథా అయింది.

కొనేవారికి దుకాణంలో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. రెండు మెగాపిక్సెల్ కెమెరా రాత్రింబవళ్ళు రికార్డు చేస్తే రోజుకు సుమారు 20 గిగాబైట్లు పడుతుంది, అంటే నాలుగు కెమెరాలకు ఒక టెరాబైట్ డిస్కు పన్నెండు రోజులకే నిండిపోయి, పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. జనం గుమిగూడే సంస్థలు దృశ్యాలను 30 రోజులు దాచి ఉంచాలని మన రాష్ట్రంలో 2013 నాటి ప్రజాభద్రతా చట్టం చెబుతోంది; ఇళ్ళకు అది వర్తించకపోయినా ఆ 30 రోజులనే కొలతగా పెట్టుకోవడం మంచిది. దొంగతనం జరిగినప్పుడు దృశ్యాన్ని ఫోనులో పంపించి, ఇక పని అయిపోయిందని అసలు రికార్డరును చెరిపేసేవారూ ఉన్నారు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నకలును కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే అది ఏ పరికరం నుంచి, ఎలా తీసిందో తెలిపే ధ్రువపత్రం జోడించాలి కాబట్టి, అసలు రికార్డరును పోలీసులు చూసేదాకా ముట్టుకోకూడదు.

ఇక హాల్లోని కెమెరా సంగతి. దానివల్ల దొంగ సంగతేమో గానీ, మా ఇంటావిడ ఇబ్బంది పడింది. మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చాలన్నా కొడుకు ఫోనులో కనబడుతుందని లోపలి గదిలోకి పోయేది. చివరికి ఒకనాడు దాని మీద తువ్వాలు కప్పింది. వెంటనే కువైట్ నుంచి ఫోను: ‘అమ్మా, కెమెరా పాడైనట్లుంది, మనిషిని పంపిస్తాను.’ ఆమె ఏమీ అనలేదు. నేనే మరునాడు దాన్ని ఊడదీయించాను. వీధి కెమెరా ఎదురింటివారి కుళాయి దగ్గరకు చూస్తోందని వారు అభ్యంతరం చెప్పడం కూడా న్యాయమే. ఆ భాగాన్ని మాత్రం నల్లగా మూసే సదుపాయం చాలా రికార్డర్లలో ఉంది. గొడవ ముదిరాక కాక, బిగించిన రోజే అమర్చుకోవాలి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు మార్చనివారి ఇళ్ళలోకి వీధివారే కాదు, ప్రపంచంలో ఎవరైనా తొంగిచూడవచ్చు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఇలాంటి కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో లొంగదీసుకున్నది ఆ పాస్‌వర్డులతోనే.

స్మార్ట్ ఇల్లు పేరుతో అమ్మేవాటిలో నాకు నచ్చింది వీడియో కాలింగ్ బెల్లు ఒక్కటే. నగలకు మెరుగు పెడతామంటూ వచ్చేవారితో తలుపు తీయకుండానే మాట్లాడి పంపేయవచ్చు. వేలిముద్ర తాళం మాత్రం మా ఇంట నిలవలేదు. రేషన్ దుకాణంలోనే వేలిముద్ర పడని మా అత్తగారు ఆ తాళం ముందు ఎండలో నిలబడటం చూశాక, పాత తాళంచెవే నయమనిపించింది.

ఊరికి వెళ్ళేవారు యాప్‌లో నమోదు చేసుకుంటే పోలీసులే ఉచితంగా కెమెరా అమర్చి, కదలిక కనబడితే గస్తీవారిని పంపే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్‌ను మన రాష్ట్ర పోలీసులు కొన్నేళ్ళ కిందటే తెచ్చారు. ఇంట్లో దొంగలు పడేదాకా నాకే దాని పేరు తెలియదు. ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలకు, వేసవి సెలవులకు ముందు జిల్లా పోలీసులు వార్డు సచివాలయాల్లో ఒక పూట కూర్చొని దాని నమోదు ఎలాగో పెద్దవారికి చేసి చూపించాలని, అలాగే కెమెరాలు బిగించేవారు ఏడాదికి రెండుసార్లు వచ్చి అద్దాలు, గడియారం, డిస్కు సరిచూసే షరతును రసీదు మీదే రాసి ఇచ్చేలా అధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కడప.