రోమ్‌ను పరుగులమీద చూపించకు, అమ్ములూ

అమ్ములూ,

నువ్వు పంపిన ప్లాన్ నాన్నా నేనూ కూర్చుని మొత్తం చదివాం. ఇంగ్లండు నుంచి అంతమంది పిల్లల్ని ఇటలీ తీసుకెళ్లి రోమన్ల చరిత్ర చూపించే పని నీ చేతికి వచ్చిందంటే ఎంత సంతోషంగా ఉందో! ఇన్నేళ్లు సోషల్ చెప్పిన ప్రాణం కదా, చదువుతుంటే చెయ్యి ఊరుకోలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని రాస్తున్నాను.

నాలుగు రోజుల్లో కొలోసియం, ఫోరమ్, పాంథియన్, వాటికన్, టివోలీ, పాంపే, హెర్క్యులేనియం, నేపుల్స్ అని రాశావు. ఇందులో సగం తీసెయ్. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు రోజుకు రెండు చోట్లకు మించి మనసు పెట్టి చూడలేరు. మూడో చోటికి వచ్చేసరికి వాళ్ల ధ్యాసంతా కాళ్ల నొప్పుల మీదే ఉంటుంది. చక్రవర్తుల వరస పుస్తకంలో ఎలాగూ ఉంది. అంతదూరం వెళ్లినవాళ్లు మామూలు జనం ఎలా బతికారో చూసి రావాలి. రొట్టె ఎక్కడ కాల్చుకున్నారు, నీళ్లు ఎలా తెచ్చుకున్నారు, ఈ చాకిరీ అంతా ఎవరిచేత చేయించారు అన్నవి చూడాలి.

అందుకే టివోలీ బదులు ఒస్తియా పెట్టు. టైబర్ నది సముద్రంలో కలిసే చోట రోమ్‌కు రేవుపట్నం అది. పిరమిడే మెట్రో స్టేషన్ పక్కనుంచి లోకల్ రైలు ఉంది, అరగంట ప్రయాణం. రోమ్ మంచి రోజుల్లో పది లక్షల జనం ఉండేవారని అంచనా. వాళ్లు తినే గోధుమలు ఈజిప్టు నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చేవి. అక్కడ వర్తకుల చావడి ఒకటి ఉంది. ప్రతి కొట్టు ముందూ నేల మీద నల్లరాళ్లు, తెల్లరాళ్లు పొదిగి బొమ్మలు వేశారు. ఒక చోట ఓడలు, ఒక చోట ఓడలకు దారిచూపే దీపస్తంభం, ఇంకోచోట ఏనుగు. ఆ ఏనుగు ఉన్న కొట్టు ఇప్పటి లిబియాలోని సబ్రాతా ఊరి వర్తకులది. బొమ్మ చూసి ఏ ఊరివాళ్లో, ఏం అమ్మేవాళ్లో పిల్లల్నే ఊహించమను. నువ్వు ముందే చెప్పెయ్యకు. కాస్త నడిస్తే పాలరాతి గల్లా, గోడ మీద తినుబండారాల బొమ్మ ఉన్న హోటలు, పిండి మరలు, వరసగా కంతలు కొట్టిన పాలరాతి మరుగుదొడ్లు. పిల్లలు అక్కడ పగలబడి నవ్వుతారు, నవ్వనీ. నవ్వు అయ్యాక నీళ్లు ఎటు పారేవి, కడిగేదెవరు అని అడుగు. పాఠం దానంతటదే అక్కడ మొదలవుతుంది.

జనం చూస్తుండగా మనుషుల్ని కొట్లాడించిన ఆ పెద్ద బరి, కొలోసియం, చూపించకుండా కుదరదు, నాకూ తెలుసు. వెస్పేసియన్ చక్రవర్తి మొదలుపెట్టాడు, కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. కానీ దాన్ని వీరుల కథగా చెప్పకు, తల్లీ. ముందు ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు చౌకు) వైపున్న టైటస్ తోరణం దగ్గర పిల్లల్ని నిలబెట్టు. దాని లోపలి గోడ మీద రోమన్ సైనికులు యూదుల గుడిలోని ఏడు కొమ్మల దీపపు సెమ్మెను భుజాల మీద మోసుకెళ్తున్న శిల్పం ఉంది. క్రీ.శ. 70లో జెరూసలేమ్‌ను కొల్లగొట్టి తెచ్చిన సొత్తు అది. కొలోసియం కట్టడానికి డబ్బు కూడా ఆ యుద్ధపు దోపిడీ నుంచే వచ్చిందని శాసనాలు చదివిన పండితులు చెబుతారు. ఇది చూశాక లోపలికి తీసుకెళ్తే, అక్కడ చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది బానిసలు, యుద్ధఖైదీలు అన్న సంగతి వాళ్లకే అర్థమవుతుంది.

సాయంత్రం రోమన్ల పాత గుడి పాంథియన్ చాలు. వాటికన్ వద్దు, అది వేరే చరిత్ర, ఇంకోసారి వెళ్లొచ్చు. ఇనుప ఊచ ఒక్కటి లేకుండా కాంక్రీటుతో పోసిన 43 మీటర్ల గోపురం పాంథియన్‌ది. నడినెత్తిన తెరిచిన కన్ను ఉంది, వాన పడితే లోపలికే పడుతుంది. నేలలో తూములు ఎక్కడున్నాయో వెతకమను. అక్కడినుంచి ట్రెవీ ఫౌంటెన్ దగ్గరే. నాణెం వేసి ఫోటో దిగి వచ్చేయకుండా, ఆ నీళ్లు క్రీ.పూ. 19లో అగ్రిప్పా తవ్వించిన కాలువ దారినే వస్తున్నాయని చెప్పు. వీధుల్లో ముక్కు ఆకారంలో ఉండే ఇనుప కుళాయిలు ఉంటాయి, అందులో తాగే నీళ్లు ఉచితం. గొట్టం చివర వేలు అడ్డంపెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. ప్రతి పిల్లాడి దగ్గరా ఒక సీసా ఉంటే నీళ్ల టెన్షన్ ఉండదు.

పాంపేకి ఒక రోజంతా ఇవ్వు, హెర్క్యులేనియం తీసేసి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి బూడిదలో పూడ్చేసిన ఊరు అది. వీధుల్లో రాళ్లమీద బండిచక్రాల గాడులు, అడ్డంగా పరిచిన దాటురాళ్లు, వాటి మధ్య చక్రాలు పోయే సందులు, ఇవన్నీ పిల్లలు వేలితో తడిమి చూడాల్సినవి. ఒక్క విషయం బయల్దేరకముందే చెప్పు. గాజు పెట్టెల్లో కనిపించే మనుషులు బొమ్మలు కాదు. బూడిద గట్టిపడ్డాక లోపలి శరీరాలు కరిగిపోయి ఖాళీలు మిగిలాయి. 1863లో ఫియోరెల్లీ అనే ఆయన ఆ ఖాళీల్లో ప్లాస్టరు పోయించి ఆ ఆకారాలు తీయించాడు. వాటి ముందు సెల్ఫీలు తీసుకోవద్దని గట్టిగానే చెప్పు.

వెసూవియస్ గురించి క్లాసులో చదివించాలంటే ఆ పేలుడు కళ్లారా చూసిన చిన్న ప్లినీ ఉత్తరాలే మేలు. అప్పుడతనికి పదిహేడేళ్లు. కొండమీద మేఘం లేచినప్పుడు మేనమామ "వస్తావా?" అని అడిగితే, చదువుకోవాలి, రానన్నాడు. ఓడలు తీసుకుని వెళ్లిన మేనమామ తిరిగి రాలేదు. మీ పిల్లలకంటే నాలుగైదేళ్లు పెద్దవాడు, అంతే. వాళ్ల మనసుకు హత్తుకుంటుంది.

ఆ మేనమామ ఎవరో నీకు తెలుసు. ఏటా ఐదు కోట్ల సెస్టెర్స్‌లు (రోమన్ నాణేలు) ఇండియాకు పోతున్నాయని వాపోయిన పెద్ద ప్లినీయే. ఆ డబ్బు పోయిన దారి మన వైపుకే ఉంది. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. నేపుల్స్ మ్యూజియంలో ఇందుకు జంటగా ఒక దంతపు బొమ్మ ఉంది, జానెడు పొడవు. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికింది. మొదట లక్ష్మి అన్నారు, ఇప్పుడు యక్షి అంటున్నవాళ్లే ఎక్కువ. సాతవాహనుల కాలంలో దక్కన్‌లో చెక్కి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. మీ క్లాసులో మనవైపు పిల్లలు కూడా ఉన్నారన్నావుగా. రోమన్ చరిత్ర ఎవరిదో అనుకునే పిల్లకి ఆ బొమ్మ ముందు నిలబడితే తన వాటా కూడా అందులో ఉందని తెలుస్తుంది. అందుకే నేపుల్స్ మ్యూజియాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసెయ్యకు. అయితే ఆ బొమ్మ ఏ గదిలో ఉందో, ఆ వయసు పిల్లల్ని అక్కడికి రానిస్తారో లేదో ముందే వాళ్లకు రాసి కనుక్కో. ఒంటిమీద నగలే తప్ప బట్టలుండవు, కాబట్టి తల్లిదండ్రుల మీటింగులో ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

ఇక పనుల సంగతి. ఒస్తియా సోమవారం మూత, నేపుల్స్ మ్యూజియం మంగళవారం మూత. బుధవారం రోమ్, గురువారం ఒస్తియా, శుక్రవారం పాంపే, శనివారం మ్యూజియం అంటే అన్నీ కలిసొస్తాయి. గురువారం సాయంత్రమే రైలెక్కి నేపుల్స్‌లో దిగితే పాంపేకి పొద్దున్నే వెళ్లొచ్చు, తిరుగు విమానం అక్కడినుంచే ఎక్కొచ్చు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమని ఎవరైనా చెబితే వినకు, తొక్కిడిలో పిల్లల్ని లెక్కపెట్టుకోలేవు. పద్దెనిమిది లోపు వాళ్లకు ప్రభుత్వ మ్యూజియాల్లో ఎలాగూ టికెట్ డబ్బులు లేవు. కొలోసియానికీ పాంపేకీ టికెట్ల మీద పేర్లుంటాయి, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించు. మన పిల్లల ఇంటిపేర్లు ఎంత పొడవో నీకు చెప్పాలా! ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యనిస్తారు కాబట్టి ఆ తల్లిదండ్రులతో ఇప్పుడే మాట్లాడు. వీసా రాక ఒక్క పిల్ల ఆగిపోయినా నీ మనసు అక్కడ నిలవదు.

మార్చిన ప్లాన్ నాకు పంపు. ఒస్తియాలో మధ్యాహ్నం భోజనం ఎక్కడ పెట్టిస్తావో కూడా రాయి, నాన్న అదొక్కటే పదేపదే అడుగుతున్నారు.

అమ్మ