ఈత పిల్లల మనసుకూ తర్ఫీదు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కండబలం సంగతి సిక్కోలు గడ్డకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేల ఇది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిదీ ఇక్కడే. మనం పట్టించుకోనిదల్లా ఆటగాళ్ల మనసు. ఈత పోటీల్లో ఆ లోటు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

డ్రిల్లు మాస్టారుగా ఉన్నప్పట్నుంచీ పిల్లల్ని పోటీలకు తీసుకెళ్తున్నాను. సాధనలో చేపపిల్లలా ఈదే కుర్రాడు పోటీ రోజున స్టార్టింగ్ బ్లాక్ ఎక్కేసరికి బిగుసుకుపోతాడు. గాగుల్స్ తీస్తాడు, పెడతాడు, మళ్లీ తీస్తాడు. పక్క లేన్‌లో ఎవడున్నాడో చూస్తాడు. ఆపైన, గట్టు మీద సెల్‌ఫోన్‌లో టైము పెట్టుకుని నిలబడ్డ నాన్న మొహం చూస్తాడు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ జారిపోతుంది. దూకగానే కంగారుగా చేతులాడించి, మొదటి 25 మీటర్లలోనే ఓపికంతా ఊడ్చేసుకుంటాడు. సిగ్నల్ కన్నా ముందే దూకాడా, ఇంటికే. ఈతలో రెండో అవకాశం ఇవ్వరు. పైకొచ్చాక ఒళ్లయినా తుడుచుకోకముందే “ఏటిరా, ఇంత డబ్బోసి నేర్పిస్తే ఇదేనా ఈదడం?” అని అందరి ముందూ నిలదీత. వేలు పోసి ఈత దుస్తులు కొనేవాళ్లకు ఒక్క మంచి మాట దగ్గర అంత పిసినారితనం ఎందుకో!

ధైర్యం పుట్టుకతో రావాలంటారు కొందరు కోచ్‌లు. నేను ఒప్పుకోను. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోకి నీళ్లొచ్చేశాయి. చివర్లో గోడే కనబడలేదు. అయినా బారలు లెక్కపెట్టుకుంటూ ఈది 1:52.03తో ప్రపంచ రికార్డు, స్వర్ణం కొట్టాడు. ఏదైనా చెడిపోతే ఏం చెయ్యాలో ముందే మనసులో ఎన్నోసార్లు ఈది చూసుకున్నవాడు కాబట్టే కంగారుపడలేదు.

దీనికి ఖర్చేమీ లేదు. పిల్లాణ్ని గట్టు మీద కూర్చోబెట్టి, చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, కళ్లు మూసుకుని 100 మీటర్లూ మనసులో ఈదమనాలి. దూకడం, టర్న్ (గోడ దగ్గర వెనక్కి తిరగడం), చివర్లో గోడ తాకడం, అన్నీ రావాలి. 75 సెకన్లకు ఈదేవాడు 40కే ఆపేశాడంటే టర్న్‌లు మింగేశాడన్నమాట, మళ్లీ ఈదించాలి. బ్లాక్ ఎక్కేముందు ఊపిరి పీల్చినదాని కన్నా ఎక్కువసేపు తీసుకుని మెల్లగా వదలడం నేర్పాలి. ‘గెలవాలి’ అని కాకుండా ‘మోచెయ్యి పైకి’ అనుకోమనాలి. పక్క లేన్ కుర్రాడి వేగం మనవాడి చేతిలో ఉండదు కదా.

ఇదంతా పతకాల కోసమే అనుకోకండి. ఫెల్ప్స్ అంతటివాడే కుంగుబాటుతో సతమతమయ్యానని తరవాత బయటపెట్టాడు. నిద్ర పట్టని, తిండి సయించని, పూల్ పేరెత్తితే కడుపునొప్పి అనే పిల్లలకు స్టాప్‌వాచ్ కాదు, డాక్టరు కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు. ఆ నంబరు పూల్ గోడ మీద రాయించడానికి ఎంతవుతుంది?

జిల్లా క్రీడాధికారులకు నా విన్నపం ఇదీ. పోటీల రోజున తల్లిదండ్రులను పూల్ గట్టు మీదకు రానివ్వొద్దు. వేసవి శిబిరాల్లో వారానికో అరగంట మనసు సాధనకు కేటాయించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది, విశాఖ మనకేమంత దూరమూ కాదు. అక్కడివాళ్లను పిలిపించి ముందు మన కోచ్‌లకే తరగతులు పెట్టించండి. శిబిరాల ప్రకటన వచ్చాక అడిగితే “ఈసారికి బడ్జెట్ అయిపోయింది మాస్టారూ” అంటారు గనక ఇప్పుడే రాస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం