రెండు రూపాయల మాత్రతో పాటు నాలుగు ముక్కల తెలుగు కూడా ఇవ్వండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

నమస్కారం మంత్రిగారూ. నేను తెలంగాణలో ఒక పల్లెలో ఆశా కార్యకర్తని. గర్భం రాకుండా మేం ఇచ్చే మాత్రతో పాటు తెలుగులో వివరం కూడా ఇవ్వాలని పీహెచ్‌సీలో రెండుసార్లు చెప్పాను, ప్రజావాణిలో ఒకసారి అర్జీ ఇచ్చాను. రసీదు నా దగ్గర భద్రంగా ఉంది. జవాబే రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా సంచిలో అత్యవసర గర్భనిరోధక మాత్ర ఉంటుంది. ధర రెండు రూపాయలు. మంచి పనే, కాదనను. కలిసిన తర్వాత 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు అని మాకు చెప్పారు. మేమూ అదే చెబుతున్నాం. కానీ వేసుకున్నాక ఆ నెల డేట్, అంటే నెలసరి, ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. నా చేతికొచ్చిన ప్యాకెట్ మీద తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు.

పోయిన వానాకాలం రాత్రి తొమ్మిది దాటాక ఒక అమ్మాయి మా తలుపు కొట్టింది. పెళ్లై ఏడాది కూడా కాలేదు. ఖాళీ ప్యాకెట్‌ను చున్నీ కొసకు ముడేసుకుని వచ్చింది. "అక్కా, నాలుగు రోజులు దాటింది, ఇంకా రాలే. మాత్ర పని చెయ్యలేదా?" అని ఏడుపు. ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదట. పొలంలో కలుపు తీస్తూ కూడా అదే టెన్షన్. నేను ధైర్యం చెప్పలేకపోయాను, నాకే తెలియదు కాబట్టి. రెండు రోజుల తర్వాత ఆమెకు డేట్ వచ్చింది.

తర్వాత మా స్టాఫ్ నర్సమ్మను అడిగితే విడమరచి చెప్పింది. ఈ మాత్ర అండం విడుదలను వెనక్కి జరుపుతుంది, అందుకే ఆ నెల డేట్ వారం ముందో వెనకో కావచ్చు. మధ్యలో కొంచెం బ్లీడింగ్ కనిపించవచ్చు, తర్వాతి నెలల్లో మళ్లీ మామూలవుతుంది. అనుకున్న డేట్‌కి వారం దాటినా రాకపోతే గర్భం టెస్ట్ చేసుకోవాలి. ఇంతే కదా మంత్రిగారూ! ఈ నాలుగు మాటలు తెలియక ఎంత నరకమో చూడండి.

ఇంకొకామెకు మాత్ర వేసుకున్న ఆరో రోజు కొంచెం బ్లీడింగ్ కనిపించింది. అత్తగారు "కడుపు తీయించుకున్నవా" అని వీధిలో నిలబెట్టి తిట్టింది. ఈ మాత్రతో గర్భస్రావం కాదని ఆ పెద్దమ్మకు ఎవరు చెప్పాలి? నేను చెబితే నన్నూ తిట్టింది. వేరొకామె అలాంటి బ్లీడింగే చూసి నెలసరి అయిపోయిందనుకుని నిశ్చింతగా ఉంది. మూడో నెల పడ్డాక గర్భమని తెలిసింది. ఒక్క మాత్ర వేసుకుంటే ఆ నెలంతా భయం లేదనుకునేవాళ్లయితే లెక్కలేనంత మంది. అండం విడుదల వెనక్కి జరిగిందంటే తర్వాతి రోజుల్లో కలిసినా గర్భం రావచ్చు కదా! అది కూడా నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు.

ఒక మాట రాయడానికి నాకే చెయ్యి వణుకుతోంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ వల్ల ఈ మాత్ర సరిగా పని చెయ్యకపోవచ్చట. టీబీ మందులు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేదీ మేమే, ఈ మాత్ర ఇచ్చేదీ మేమే. ఒకే సంచిలోంచి ఒకే మనిషికి రెండూ ఇచ్చి ఉంటానేమోనని ఎన్నో రాత్రులు లెక్కలు వేసుకున్నాను.

మా మీటింగ్‌లో రిజిస్టర్లు, ఎంట్రీలు, ఎన్ని మాత్రలు పంచారన్న లెక్క, వీటితోనే పొద్దు గడుస్తుంది. వేసుకున్న మనిషి ఏమైందని ఒక్కసారీ ఎవరూ అడగలేదు. ఒక్క అరగంట ఈ విషయానికి ఇప్పించండి. ప్యాకెట్‌లో తెలుగు చీటీ పెట్టించండి. డేట్ రాకపోతే టెస్ట్ చేసుకోవడానికి కిట్ అడిగినప్పుడు "స్టాక్ లేదు" అనకుండా చూడండి. చీటీ మాత్రం తప్పకుండా పెట్టించండి, దండం పెడతాను.

అప్పటిదాకా ఆగలేక మా పాప నోట్‌బుక్ కాగితాలు చింపి, నర్సమ్మ చెప్పింది నేనే రాసి ప్రతి మాత్రతో ఇస్తున్నాను. అందులో ఒకటి ఈ లేఖకు జత చేస్తున్నాను. తప్పులుంటే డాక్టర్లతో దిద్దించి అచ్చు వేయించండి.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త