కంచు పతకానికి అంత సంబరమా?

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరం అందింది. ఇంటిల్లిపాదీ కులాసా అని రాశావు, చాలా సంతోషం. చెల్లెమ్మకి మోకాలి నొప్పి తగ్గిందన్న మాట చదివాక మనసు కుదుటపడింది. ఇక నువ్వడిగిన దానికొస్తాను. “1969లో చెకోస్లొవేకియాకి ఐస్ హాకీలో వచ్చింది మూడో స్థానమే కదా, దానికి దేశం దేశమంతా రోడ్డు మీద పడటమేమిట్రా?” అన్నావు. మంచి ప్రశ్న. ఒక్క పేరాలో తేలేది కాదు, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు చిన్న సవరణ. జనం వీధుల్లోకొచ్చింది మార్చి 28, శుక్రవారం రాత్రి. అప్పటికి పతకాలు తేలలేదు. ఆ రాత్రి వాళ్లు సోవియట్ జట్టుని 4–3తో ఓడించారు. సరిగ్గా వారం ముందు, మార్చి 21న, అదే జట్టుని 2–0తో ఓడించి ఉన్నారు. అంటే వరసగా ఆరేళ్లు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న జట్టు వారం తేడాలో రెండుసార్లు వీళ్ల చేతిలో దెబ్బతింది. ఆఖరికి పతకాల లెక్క ఎలా కుదిరిందో చూస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. టోర్నీలో ఆరు జట్లు, ప్రతి జట్టూ మిగతా అయిదింటితో రెండేసిసార్లు ఆడాలి, మొత్తం పది ఆటలు. చెక్‌లు సోవియట్లని రెండుసార్లూ కొట్టారు. సోవియట్లు స్వీడన్‌ని రెండుసార్లూ కొట్టారు. స్వీడన్ చెక్‌లని రెండుసార్లూ కొట్టింది. మూడు జట్లకీ ఎనిమిదేసి గెలుపులు, పదహారేసి పాయింట్లు. చివరికి గోల్స్ తేడా చూసి సోవియట్లకి బంగారం, స్వీడన్‌కి వెండి, వీళ్లకి కంచు ఇచ్చారు. అయినా వాళ్ల రాజధాని ప్రాగ్‌లో ఎవర్నడిగినా ఆ ఏడాది తామే గెలిచామంటారు. నన్నడిగితే అది తప్పు కాదు.

ఎందుకో తెలియాలంటే ఏడు నెలలు వెనక్కి వెళ్లాలి. 1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ నాయకత్వంలో వార్సా కూటమి సైన్యాలు సరిహద్దు దాటాయి, తెల్లారేసరికి ప్రాగ్ వీధుల్లో ట్యాంకులున్నాయి. అక్కడి కమ్యూనిస్టు పార్టీ అధినేత దుబ్చెక్ మొదలుపెట్టిన సంస్కరణలని నలిపేయడానికే వచ్చాయి. ఆ ట్యాంకుల్ని ఎదిరించడానికి జనం దగ్గర ఏమీ లేదు. 1969 జనవరి 16న యాన్ పలాఖ్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థి వెన్సెస్లస్ స్క్వేర్ ఎగువన ఒంటికి నిప్పంటించుకుని, మూడు రోజుల తర్వాత ప్రాణం విడిచాడు. ఆ గాయం ఆరకముందే మార్చి వచ్చింది. ఇంకో సంగతి, ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ ప్రాగ్‌లోనే జరగాల్సింది. ఆక్రమణ జరిగాక మా వల్ల కాదని వాళ్లు వదులుకుంటే స్టాక్‌హోమ్‌కి మారింది. సొంత ఊళ్లో జరగాల్సిన పెళ్లి పరాయి ఊరి సత్రంలో జరిగినట్టయింది.

ఇప్పుడు ఆట సంగతి. బలమైన జట్టు ఐస్ హాకీలో ఎలా ఓడుతుందో తెలియకపోతే ఇదంతా అదృష్టమనిపిస్తుంది. క్రికెట్‌లో పెట్టి చూడు. అయిదు రోజుల టెస్టులో చిన్న జట్టు పెద్ద జట్టుని కొట్టడం ఎంత కష్టమో, ఇరవై ఓవర్ల ఆటలో అంత కష్టం కాదు. ఆట ఎంత పొట్టిదైతే, పాయింట్లు ఎంత తక్కువైతే, తలకిందులయ్యే వీలు అంత ఎక్కువ. ఐస్ హాకీలో ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, ఆట మొత్తానికీ అయిదారు గోల్స్ పడితే గొప్ప. గోల్ వెడల్పు 1.83 మీటర్లు, ఎత్తు 1.22 మీటర్లు. అందులో సగానికి పైగా గోల్‌కీపర్ కాళ్ల ప్యాడ్లూ భుజాలూ కప్పేస్తాయి. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల, మందం అంగుళం, వ్యాసం మూడంగుళాలు, బరువు 156 నుంచి 170 గ్రాములు. ఆటకి ముందు దాన్ని ఫ్రీజర్లో పెడతారు. వెచ్చగా ఉంటే బంతిలా గెంతుతుంది, గడ్డకడితే మంచు మీద సాఫీగా జారుతుంది. అంత చిన్న బిళ్లని అంత చిన్న సందులోంచి పంపాలి కాబట్టి, గోల్‌కీపర్ ఒక్కడు ఆ పూట బాగా ఆడితే చాలు, ఎంతటి జట్టయినా తలుపు కొట్టి కొట్టి తిరిగిపోవాల్సిందే. మార్చి 21న జరిగింది అదే. వ్లాదిమీర్ జురిల్లా ఒక్క గోల్ కూడా వదల్లేదు. అటువైపు యాన్ సుఖీ ఒకటి, యోసెఫ్ చెర్నీ ఒకటి వేశారు.

సోవియట్ జట్టు ఆటంతా పాసుల మీద నడిచేది. చెర్నిషెవ్, తరాసోవ్ అనే ఇద్దరు కోచ్‌లు కలిసి తీర్చిన జట్టది. తొందరపడి షాట్ కొట్టరు. పక్‌ని ఒకరి నుంచి ఒకరికి తిప్పుతూ, ఎదుటివాళ్లు చోటు తప్పేదాకా ఓపిక పడతారు. ఇలాంటి జట్టుతో ఆడేటప్పుడు పక్ వెంటపడి పరిగెత్తడమంత పొరపాటు ఇంకోటి లేదు. గోల్ ముందు మధ్య భాగాన్ని మూసేసి, పక్కలు వాళ్లకి వదిలేసి, పాసు తప్పిన క్షణంలో ఇద్దరు ముగ్గురు మెరుపులా ఎదురు వెళ్లాలి. ఇక్కడ దెబ్బతీసేది అలసట. మంచు మీద ఆటగాడు ఒక్క విడతలో నలభై, యాభై సెకన్లే ఉంటాడు. ఆ పైన ఉంటే కాళ్లు బరువెక్కుతాయి, ఎదుటివాడి వెనక ఒక్క అడుగు ఆలస్యమవుతుంది, ఆ ఒక్క అడుగు చాలు. ఆవేశంలో కర్ర అడ్డంపెట్టి పడగొడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, జట్టు ఒక మనిషి తక్కువతో నెట్టుకురావాలి. అంత కోపం గుండెల్లో పెట్టుకుని దిగిన ఆటగాళ్లు ఆ కోపాన్ని మొదటి రోజు అరవై నిమిషాలూ గోల్ పడనివ్వకుండా ఉండటానికి వాడుకున్నారు చూడు, అది నాకు గోల్స్ కంటే గొప్పగా కనిపిస్తుంది.

అలాగని వాళ్లేమీ చిన్న జట్టని అనుకోకు. 1968 ఫిబ్రవరిలో, ట్యాంకులు రాకముందే, గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో ఇదే సోవియట్ జట్టుని 5–4తో కొట్టారు. అప్పుడూ బంగారం అటే పోయింది.

చొక్కా సంగతి చెప్పాలి. చెక్ ఆటగాళ్ల ఛాతీ మీద సింహం బొమ్మ ఉండేది. పాత రాజముద్రలో ఆ సింహం తలకి కిరీటం ఉండేది. 1960లో కొత్త రాజ్యాంగం వచ్చాక కిరీటం తీసేసి అయిదు మూలల నక్షత్రం పెట్టారు. స్టాక్‌హోమ్‌లో కొందరు ఆటగాళ్లు ఆ నక్షత్రం మీద టేపు అంటించుకుని దిగారు. హాకీ ఆటగాడి దగ్గర టేపు ఎప్పుడూ ఉంటుంది, కర్రకి చుట్టుకోవడానికి. అదే టేపు. చిన్న ముక్క. సింహం మిగిలింది, నక్షత్రం పోయింది. ఆట అయ్యాక మామూలుగా రెండు జట్లూ వరసలో నిలబడి చేతులు కలుపుకోవాలి. వీళ్లు కలపలేదు.

స్టేడియంలో స్వీడన్ జనం కూడా వీళ్ల పక్షమే. చెక్ అభిమానులు పట్టుకున్న నినాదం “వీ నామ్ తాంకీ, మీ వామ్ బ్రాంకీ”. మీరు మాకు ట్యాంకులు, మేము మీకు గోల్స్ అని. తాంకీ, బ్రాంకీ అని ప్రాస ఎంత చక్కగా కుదిరిందో నోటితో ఒకసారి అని చూడు. ఆరు పదాల్లో ఏడు నెలల బాధంతా చెప్పారు.

ఇక మార్చి 28 రాత్రి. ఆట టీవీలో ప్రత్యక్షంగా వస్తోంది. స్టాక్‌హోమ్‌కీ ప్రాగ్‌కీ గడియారం ఒకటే, కాబట్టి చివరి క్షణం దేశమంతా ఒకేసారి చూసింది. ఇది చిన్న విషయం కాదు. 1980లో లేక్ ప్లాసిడ్‌లో అమెరికా కాలేజీ కుర్రాళ్లు సోవియట్లని ఇదే 4–3తో కొట్టినప్పుడు ఆట సాయంత్రం అయిదింటికి జరిగింది, అమెరికా టీవీలో రాత్రి ఎనిమిదింటికి గానీ రాలేదు. కొందరికి ఫలితం ముందే తెలుసు, కొందరికి తెలీదు, సంబరం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ప్రాగ్‌లో అలా కాదు. అందరూ ఒకే నిమిషంలో తలుపు తీసుకుని బయటికొచ్చారు. దేశం మొత్తమ్మీద అయిదు లక్షల మంది అని అంచనా. ఒక్క వెన్సెస్లస్ స్క్వేర్‌లోనే లక్షన్నర అంటారు. “బ్రెజ్నెవ్ 3, దుబ్చెక్ 4” అని రాసుకొచ్చారు. బ్రెజ్నెవ్ అంటే అప్పటి సోవియట్ అధినేత. పలాఖ్ ప్రాణం విడిచి పది వారాలైనా నిండలేదు, అదే చోట ఆ రాత్రి జనం పాటలు పాడారు.

తర్వాత జరిగింది చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఆ స్క్వేర్‌లోనే సోవియట్ విమాన సంస్థ ఏరోఫ్లోట్ ఆఫీసుండేది. దాని దగ్గర వీధుల్లో పరిచే రాళ్లు కుప్పగా పోసి ఉన్నాయి. ప్రాగ్ వీధి రాయంటే పిడికిట్లో పట్టే ఘనాకారపు గ్రానైట్ ముక్క, విసరడానికి అంతకంటే అనువైనది లేదు. అద్దాలు పగిలాయి, సామాను వీధిలో పడి తగలబడింది. ఆ రాళ్లని రహస్య పోలీసులే తెచ్చి పోయించారని అప్పటి నుంచీ జనం నమ్మకం. నేనూ అదే నమ్ముతాను, ఎందుకంటే ఆ పగిలిన అద్దాల వల్ల లాభపడింది ఎవరో చూడు. ఉస్తీ నాద్ లాబెమ్, మ్లాదా బోలెస్లావ్ లాంటి ఊళ్లలో జనం సోవియట్ సైనికుల బసల మీద రాళ్లు రువ్వారు. మూడు రోజులు తిరక్కుండా సోవియట్ రక్షణమంత్రి గ్రెచ్‌కో చెకోస్లొవేకియాలో దిగాడు. పత్రికల మీద సెన్సారు మళ్లీ బిగిసింది. ఏప్రిల్ 17న దుబ్చెక్‌ని దింపి గుస్తావ్ హుసాక్‌ని కూర్చోబెట్టారు. ట్యాంకులు వచ్చినా ఎనిమిది నెలలు నిలబడ్డ మనిషిని తప్పించడానికి ఒక హాకీ రాత్రిని సాకుగా వాడుకున్నారు.

కాబట్టి నువ్వు కంచు పతకం దగ్గర ఆగిపోతే ఈ కథ అంతుపట్టదు. ఆ జనం పతకం లెక్క చూడలేదు, ఎదురులేని బలంతో ఆడుతున్నట్టుండే ఆ ఎర్రచొక్కాల జట్టు తలవంచుకుని వెళ్లడం చూశారు. ఆ తరం పిల్లలకి కూడా అది వారసత్వంగా వచ్చింది. తర్వాతి తరం చెక్ హాకీ ఆటగాడు యారొమీర్ యాగర్ చొక్కా మీద 68 నంబరు ఎందుకుందనుకున్నావు? ట్యాంకులొచ్చిన ఏడాది అది, అతని తాతగారు పోయిన ఏడాది కూడా. 1998 ఫిబ్రవరి 22న నాగానో ఒలింపిక్స్ ఫైనల్లో ఆ యాగర్ ఉన్న జట్టే రష్యాని 1–0తో ఓడించి బంగారం తెచ్చింది. గోల్ వేసింది పెత్ర్ స్వొబొదా, గోల్ కాసింది దొమినిక్ హషెక్. ఆట మొదలైనప్పుడు ప్రాగ్‌లో ఇంకా తెల్లారలేదు. చలిలో పాత ఊరి చౌక్‌లో పెద్ద తెర ముందు జనం కిక్కిరిసి నిలబడ్డారు, “హషెక్‌ని కోటకి పంపండి” అని అరిచారు. కోటంటే అక్కడ దేశాధ్యక్షుడి నివాసం.

నువ్వు పాత ఆటల దృశ్యాలు చూద్దువుగాని. ముందు 28వ తేదీ ఆట పెట్టుకోకు, 21వ తేదీది పెట్టుకో. గోల్స్ దగ్గర ఆపొద్దు, చివరి గంట కొట్టేదాకా పోనీ. గంట కొట్టాక చెక్ ఆటగాళ్ల చేతులు చూడు, ఎటు వెళ్తాయో, ఎటు వెళ్లవో.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. చూశాక రాయి.

నీ
రామం