ఆరు నిమిషాల నడక గురించి రాయండి

సంపాదకులకు నమస్కారం.

మాది కావలి. మా అత్తయ్యకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. ఈ 2021 మే మొదట్లో ఆమెకు కరోనా పాజిటివ్ వచ్చింది. మేడ మీద గదిలో ఉంచి నేనే చూసుకున్నాను. రోజుకు నాలుగుసార్లు వేలికి ఆక్సీమీటర్ పెట్టి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూసి, ఆ అంకెలు పాత క్యాలెండర్ వెనక రాసేదాన్ని. గోరింటాకు ఉన్న వేలికి పెడితే రీడింగ్ తేడాగా రావచ్చట, అది కూడా అప్పుడే తెలిసింది.

ఐదో రోజు కూర్చున్నప్పుడు 96 ఉంది. "నాకేం లేదమ్మా, పెసరట్టు వెయ్యి" అంది. డాక్టర్ గారు ఫోన్‌లో చెప్పినట్టు గదిలోనే ఆరు నిమిషాలు నడిపించి చూస్తే 91! ఆ రోజే నెల్లూరు తీసుకెళ్లాం. మూడు చోట్ల తిరిగితే గానీ బెడ్ దొరకలేదు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. అత్తయ్య క్షేమంగా ఇంటికొచ్చింది.

రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే బయటపడింది. అప్పుడున్న భయం ఇప్పుడేమైంది? మొన్న మన జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కరోనా నాటుమందు కోసం వేల మంది తోసుకున్నారు. మందు సంగతి పరీక్షించేవాళ్లు తేలుస్తారు, నా బాధంతా ఆ గుంపు గురించే. అక్కడి నుంచి ఇంట్లో ముసలివాళ్ల దగ్గరికే కదా వెళ్లేది!

అయ్యా, రోజూ కేసుల లెక్క పక్కనే ఈ నడక పరీక్ష గురించి పెద్ద అక్షరాల్లో వేయండి. కూర్చున్నా ఆయాసపడేవాళ్లను నడిపించకూడదని, 94 కన్నా తగ్గితే ఆలస్యం చేయొద్దని కూడా రాయండి. మా వీధిలో పెద్దవాళ్లు ఫోన్ చూడరు, మీ పేపరే చదువుతారు.

- ఒక గృహిణి, కావలి